శిఖరం ఫొటో కన్నా గ్రేడు ముఖ్యం

ఈఏపీసెట్ ర్యాంకుల చుట్టూ తిరిగే బెజవాడలో హిమాలయ యాత్ర అంటే వేసవి సరదా అనుకుంటారు, కాదంటే పేపర్లో ఫొటో కోసం పడే పాట్లు అనుకుంటారు. రెండూ కావు. పద్ధతిగా వెళ్తే అది తరగతులున్న చదువు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. జనానికి గుర్తున్నది ఆ ఒక్క రోజే. భువనగిరి బండల మీద తాడు పట్టడం నేర్చి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో సాధన చేసిన నెలల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చేది ఆ నెలల కథే.

1954లో మొదలైన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలోనైనా, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనైనా బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు. బరువు మోస్తూ నడక, తాడు పని, మంచు మీద అడుగు, గుడారంలో వంట, పక్కవాడి బాగోగులు అన్నీ అందులోనే. చివర్లో గ్రేడు ఇస్తారు. ‘ఎ’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సు, అక్కడా రాణిస్తేనే శిక్షకుల కోర్సు. హాజరైనంత మాత్రాన దక్కే సర్టిఫికెట్‌కు ఈ రంగంలో విలువ తక్కువ.

సముద్రమట్టానికి కాస్త ఎగువనే పెరిగిన కృష్ణా డెల్టా పిల్లలు అంత ఎత్తు తట్టుకుంటారా అన్నది ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న. ఢిల్లీ పిల్లలకూ అదే ఇబ్బంది. జిమ్‌లో పెంచిన కండలు ఎత్తు జబ్బును ఆపవు, నిదానం ఆపుతుంది. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి మకాం రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. ప్రమాదం అసలు లేదనను; శిక్షకులు లేని చౌక ట్రెక్కుల్లో అది ఎక్కువ.

రెండో ప్రశ్న జీతం. ఈ కోర్సే ఉద్యోగం ఇప్పిస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ట్రెక్ లీడర్ పని సీజన్‌లోనే ఉంటుంది. కార్పొరేట్ ఉద్యోగులకూ శిక్షణ ఇచ్చే టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ లాంటివి దేశంలో కొన్నే. కానీ విపత్తు సహాయం వైపు చూడండి. ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉన్నది మన గన్నవరం దగ్గరి కొండపావులూరులోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు నగరాన్ని ముంచినప్పుడు తాడు, పడవ, ప్రథమ చికిత్స తెలిసినవాళ్ల అవసరం ఎంతో అందరం చూశాం. ఎన్డీఆర్‌ఎఫ్‌లోకి నేరుగా తీసుకోరు, కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. కాబట్టి డిగ్రీ, ఎన్‌సీసీ, బేసిక్ కోర్సు, ఆపై బలగాల పరీక్ష అన్న వరుస తెలివైనది.

ఫీజు భారమైతే ఎన్‌సీసీయే దగ్గరి దారి, కేడెట్లను ఈ కోర్సులకు పంపుతుంది. ఉత్తరకాశీ సీట్లు చాలా ముందే నిండిపోతాయి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే మీ యూనిట్‌లో అడగండి. ఈలోగా వీపున బరువేసుకుని కొండపల్లి కోట ఎక్కడం మొదలుపెట్టండి.