పిల్లలలో అసంకల్పిత చలనములు: హార్మోనుల పాత్ర ఎంత?

కొందరు పిల్లలు ఊరక కన్నులు టపటపలాడించుట, భుజము లెగురవేయుట, మెడ విదలించుట, గొంతు సవరించుకొనుట పల్లెలలో చూచుచున్నదే. దీనిని కొందరు పెద్దలు పొగరని తలంతురు. మరికొందరు గాలి సోకినదందురు. ఇట్టి పిల్లవాడు బడిలో దండింపబడి, తోటివారి ఎగతాళికి గురియై, తుదకు చదువునకే దూరము కావచ్చును. వైద్యులు ఈ చలనములను "టిక్కులు" అందురు. వీనిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు ఇందు వివరింపబడినవి.

లక్షణములు

ఇవి సాధారణముగా 4 నుండి 6 ఏండ్ల వయస్సున ఆరంభమగును. 10, 12 ఏండ్ల నాటికి హెచ్చి, యౌవనము వచ్చుసరికి చాలమందిలో తగ్గిపోవును. తుమ్మును ఆపుకొన్నట్లు పిల్లవాడు వీనిని కొంతసేపు ఆపుకొనగలడు గాని, లోపలి ఒత్తిడి పెరిగి అవి మరల బయటపడును. కొంతసేపు ఆపుకొనగలడు గనుక కావలెననియే చేయుచున్నాడనుట సరికాదు. 1885లో జిల్ ద లా టూరెట్ అను ఫ్రెంచి వైద్యుడు 9 మంది రోగులను పరిశీలించి వర్ణించెను. చలనములును, అసంకల్పిత ధ్వనులును ఏడాదికి మించి యుండు వ్యాధికి నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది.

హార్మోనులతో సంబంధము

శరీరములోని వినాళ గ్రంథులు రక్తములోనికి విడుచు రసాయనములే హార్మోనులు. టిక్కులకు వీనితో సంబంధముండవచ్చునను ఊహకు కారణములు కలవు. ఈ వ్యాధి ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కావున గర్భములో నున్నప్పుడే పురుష హార్మోనులు శిశువు మెదడు పెరుగుదలపై ప్రభావము చూపునేమోయని శాస్త్రజ్ఞులు యోచించిరి. కొందరు స్త్రీలకు నెలసరికి ముందు టిక్కులు హెచ్చుట కూడ గమనింపబడినది. భయము, ఆందోళన కలిగినపుడు మూత్రపిండములపైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును విడుచును. టిక్కులును అట్టి సమయములందే హెచ్చును.

అయినను ఇవి సూచనలే గాని నిరూపణలు కావు. 1998లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో పురుష హార్మోను పనిని అడ్డగించు మందును కొద్దిమంది పెద్దవారికి ఇచ్చి చూచిరి. గుణము స్వల్పము, అదియు ఎక్కువకాలము నిలువలేదు. వంశపారంపర్యమును, చలనములను అదుపుచేయు మెదడు భాగములలో డోపమిన్ అను రసాయనపు పనితీరును ఈ వ్యాధికి ముఖ్య కారణములుగా నేడు భావించుచున్నారు. కావున హార్మోను సూదిమందుతో టిక్కులు కుదుర్తుమను వారి మాట నమ్మరాదు.

చికిత్స

స్వల్పముగా నున్నచో మందు అవసరము లేదు. ఎక్కువైనచో టిక్కు రాబోవుటను గుర్తించి, దానికి బదులు వేరొక కదలికను చేయుట పిల్లవానికి నేర్పుదురు. అవసరమైనచో వైద్యుడు మందులిచ్చును. అయితే కొన్ని గుర్తులను ఉపేక్షింపరాదు. స్పృహ తప్పుట మూర్ఛవ్యాధికి సూచన కావచ్చును. గొంతునొప్పి, కీళ్ళనొప్పుల తరువాత అవయవములు అదుపుతప్పి కదలుట గుండెకు హానిచేయు కీళ్ళవాత జ్వరమునకు గుర్తు కావచ్చును. చేతుల వణకు, గుండెదడ, బరువు తగ్గుట యున్నచో థైరాయిడ్ పరీక్ష చేయింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

వంశధార తీరమందలి శ్రీముఖలింగమునకు శివరాత్రి దినములలో వేలాది జనులు వచ్చి మధుకేశ్వరుని దర్శించి, పిల్లల క్షేమమునకై మ్రొక్కుకొందురు. మ్రొక్కు తీర్చుకొనుటలో తప్పు లేదు. దానితో సరిపుచ్చి వైద్యునికి చూపకుండుట తగదు. కావున ఆ ప్రాంతపు పంచాయతీలును, తక్కిన పంచాయతీలును ఈ క్రింది పనులకు పూనుకొనవలెను.

1. ఇట్టి పిల్లలను కొట్టుట, వాతలు పెట్టుట కూడదని గ్రామసభలో తెలుపవలెను.

2. ఉపాధ్యాయులతో మాటలాడి, పిల్లవానిని దండింపకుండునట్లును, ఎగతాళి జరుగకుండునట్లును చూడవలెను.

3. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము అంగన్‌వాడీకి, ప్రభుత్వ పాఠశాలకు వచ్చినపుడు అట్టి పిల్లలను తప్పక చూపింపవలెను.

4. ఆశా కార్యకర్త ద్వారా తల్లిదండ్రులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ నంబరు 14416ను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

ఈ పనులకు పంచాయతీ నిధులు పెద్దగా అవసరము లేదు. సభ్యుల శ్రద్ధ యున్నచో ఒక పిల్లవాని చదువు నిలుచును.