జ్ఞానస్నానం పాత వివాహాన్ని రద్దు చేస్తుందా?



జ్ఞానస్నానం కోసం ఉపదేశం వింటున్నవారి గురించి మన విచారణల్లో తరచు ఒక మాట వినిపిస్తుంది: “క్రొత్త జన్మ ఎత్తుతున్నాడు గదా, పాత పెళ్లి ఇక లెక్కలోకి రాదు.” మరికొందరు ఇందుకు పూర్తి విరుద్ధంగా, “విడాకులైన మనిషికి గుడిలో చోటు లేదు” అంటారు. రెండూ పొరపాటే. మొదటి మాట నమ్మినవారు తొందరపడి సంబంధం కుదుర్చుకొంటారు. రెండవ మాట నమ్మినవారు గుడి మెట్లు ఎక్కకుండానే వెనుదిరుగుతారు. కనుక ఈ విషయమై తిరుసభ బోధను తెలిసికొందాం.

1. వివాహం పాపం కాదు

జ్ఞానస్నానం జన్మపాపాన్ని, కర్మపాపాలను కడుగుతుంది. వివాహం పాపం కాదు గనుక దానిని కడగదు. 1201లో మూడవ ఇన్నొసెంటు పాపుగారు ఇచ్చిన తీర్పు సారాంశం ఇదే. హైందవ ఆచారం ప్రకారం తాళి కట్టిన పెళ్లి అయినా, రిజిస్ట్రారు కార్యాలయంలో జరిగిన పెళ్లి అయినా, జ్ఞానస్నానం లేని ఇద్దరు అడ్డంకులేవీ లేకుండా, స్వేచ్ఛగా చేసికొన్నదైతే తిరుసభ దానిని నిజమైన వివాహంగానే గౌరవిస్తుంది. తరువాత భార్యాభర్తలిద్దరూ జ్ఞానస్నానం పొందితే, మరల పెళ్లి జరిపించకుండానే ఆ వివాహం దివ్యసంస్కారమౌతుంది.

2. పునీత పౌలుగారి బోధ

ఒకరు విశ్వసించి, మరొకరు విశ్వసించని కుటుంబాలు ఆనాటి కొరింతు సంఘంలోనూ ఉన్నాయి. అవిశ్వాసి కాపురానికి ఇష్టపడితే విశ్వాసి విడువరాదనీ, అవిశ్వాసియే విడిచిపోతే విశ్వాసి ఆ బంధానికి కట్టుబడి ఉండనక్కరలేదనీ అపొస్తలుడు వారికి బోధించారు (1 కొరింతీ 7:12-15). దీని ఆధారంగా 1983 నాటి తిరుసభ చట్టం (1143-1147) ఈ షరతులు విధించింది:

— పెళ్లినాటికి ఇద్దరిలో ఎవరికీ జ్ఞానస్నానం ఉండకూడదు.
— ఆ తరువాత ఒకరు మాత్రమే జ్ఞానస్నానం పొంది ఉండాలి.
— రెండవవారు కాపురానికి నిరాకరించాలి, లేదా సృష్టికర్తను అవమానించకుండా శాంతిగా కాపురం చేయడానికి ఒప్పుకోకపోవాలి. జ్ఞానస్నానం తరువాత విశ్వాసి ఇందుకు న్యాయమైన కారణం కల్పించి ఉండకూడదు.
— జ్ఞానస్నానం పొందుతారా, లేకుంటే కనీసం శాంతిగా కలిసి ఉంటారా అని వారిని అడగాలి. ఆచూకీ దొరకకపోయినా, అడిగి ప్రయోజనం లేదని తేలినా పీఠాధిపతి మినహాయింపు ఇవ్వగలరు.

మొదటి బంధం తెగేది జ్ఞానస్నానం నాడు కాదు. అనుమతితో క్రొత్త వివాహం జరిగిన క్షణంలోనే.

ఒక సోదరిని భర్త పదేళ్ల క్రితం విడిచి వేరే కాపురం పెట్టాడనుకొందాం. ఆమె పిల్లలతో వచ్చి ఉపదేశం వింటున్నది. జ్ఞానస్నానం పొంది, పై షరతులు నెరవేరితే ఆమెకు ఈ దారి తెరచియున్నది. మరొక ఇంటిలో భార్య గుడికి రాదు. అయినా ఆదివారం ఉదయం భర్త చొక్కా ఇస్త్రీ చేసి పూజకు పంపుతున్నది. “ఆమె అన్యురాలు” అనే సాకుతో అతడు ఆమెను విడిచి కథోలిక అమ్మాయిని చేసికోవాలనుకొంటే, ఆ దారి అతనికి లేదు. విశ్వాసం భార్యను వదిలించుకొనే ఉపాయం కారాదు.

3. ఇతర సందర్భాలు

లూథరన్, సి.ఎస్.ఐ. వంటి సంఘాలలో చెల్లుబాటయ్యే జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య జరిగిన సక్రమ వివాహం దివ్యసంస్కారమే. వారిలో ఒకరు కోర్టు విడాకులతో కథోలిక సభలో చేరినా, పై వెసులుబాటు వర్తించదు. ఆ వివాహం మొదటినుండే చెల్లనిదని మేత్రాసన న్యాయస్థానం విచారించి తేల్చాలి. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు ఈ విచారణను సులభతరం చేసి, రెండవ న్యాయస్థానం కూడ అదే తీర్పు చెప్పాలన్న నియమాన్ని తొలగించారు. పెళ్లినాటికి ఒకరికే జ్ఞానస్నానం ఉన్నట్లయితే, విజ్ఞప్తి పీఠాధిపతిగారి ద్వారా పాపుగారికి వెళ్లాలి.

4. ప్రభుత్వ చట్టం

మతం మారినంత మాత్రాన ప్రభుత్వం దృష్టిలో పెళ్లి రద్దు కాదు. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షను ప్రకారం, మతం మారడం రెండవ పక్షం విడాకులు కోరడానికి ఒక కారణం మాత్రమే. మొదటి వివాహం అమలులో ఉండగా రెండవది చేసికొంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద నేరం. కనుక కోర్టు డిక్రీ, తిరుసభ అనుమతి రెండూ అవసరమే.

5. మనం చేయవలసినది

ఉపదేశం ఆరంభంలోనే, సంబంధం మాట్లాడకముందే, ఉన్నది ఉన్నట్లు విచారణ గురువుకు చెప్పండి. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఎవరికి జ్ఞానస్నానం ఉన్నది అనే వివరాలు, డిక్రీ నకలు, సంగతులు ఎరిగిన సాక్షుల పేర్లు సిద్ధం చేసికొనండి. శుభలేఖలు అచ్చయిన తరువాత వస్తే గురువు చేతిలో ఏమీ ఉండదు. ఇప్పటికే రెండవ కాపురంలో ఉన్నవారు ఆదివార పూజ మానవద్దు. పిల్లలను ఉపదేశానికి పంపండి, మీ సంగతి గురువుతో చెప్పుకొనండి. అటువంటివారిని చూచి గుసగుసలాడడం మనకు తగదు. వారిని గురువు వద్దకు తోడ్కొనిరావడమే మన ధర్మం.

ఇంటిల్లిపాది ఆలోచించండి:
1. విడిచివేయబడిన వ్యక్తికి మన వీధిలో, మన గుడిలో ఎటువంటి ఆదరణ దొరుకుతున్నది?
2. పెళ్లి సంబంధం చూచేటప్పుడు ముందుగా సత్యాన్ని అడుగుతున్నామా, కట్నకానుకలను అడుగుతున్నామా?