లైబ్రరీని చేర్చుట – తొలగించుట

తెలుగు బోధించు అధ్యాపకునకు కంప్యూటరుతో పనియేమి యని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఒక అనుభవము నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. సంచికకై టైపు చేసిన తెలుగు పుటలు ఒక ఉబుంటు కంప్యూటరులో నుండెను. నంపై అను లైబ్రరీ క్రొత్తది కావలెనని ఒక విద్యార్థి అందులోని పైథాన్‌నే తొలగించి మరల వేయబూనినాడు. మరునాడు యంత్రమును తెరవగా ఐకాన్లు లేవు, మెనూలు లేవు. నల్లని తెరపై తెల్లని అక్షరములు మాత్రమే మిగిలినవి. అతని పొరపాటు ఎక్కడ జరిగినదో తెలిసికొనుటయే ఈ పాఠము.

ప్రోగ్రామింగు లైబ్రరీ యనగా ఇతరులు వ్రాసి సిద్ధపరచగా, మనము మన ప్రోగ్రాములో వాడుకొను భాగముల సముదాయము. గణితమునకు పైథాన్‌లో నంపై అట్టిది. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో ఇట్టి వానిని ప్యాకేజీలుగా కట్టి యుంచుదురు. వానిని తెచ్చి అమర్చు ప్యాకేజీ మేనేజరు పేరు ఆప్ట్. ఇది 1999లో డెబియన్ 2.1తో వాడుకలోనికి వచ్చినది. దీనిని గ్రంథపాలకునితో పోల్చవచ్చును. వచ్చిన పుస్తకమును, పోయిన పుస్తకమును ఆయన రిజిస్టరులో ఎక్కించునట్లే, ఇదియు ప్రతి ప్యాకేజీకి లెక్క వ్రాసి యుంచును. కనుక ఫైళ్లను మనమే చేతితో చెరిపివేయరాదు, లెక్క తప్పును.

చేర్చు విధానము సులభము. ఆజ్ఞలను ఆంగ్లాక్షరములలో టైపు చేయవలెను. మొదట ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అనిన ప్యాకేజీల జాబితా తాజా యగును. పిదప ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-నంపై’ అనవలెను. నంపైకి బ్లాస్, లాప్యాక్ అను మరి రెండు లైబ్రరీల తోడు కావలెను. ఆప్ట్ వానిని తానే తెచ్చి, అవి మనము అడిగినవి కావనియు, తోడుగా వచ్చినవనియు గుర్తుంచుకొనును.

తొలగించుటలో మూడు ఆజ్ఞలు కలవు. ‘రిమూవ్’ ప్యాకేజీని తీసివేసి, దాని అమరిక ఫైళ్లను మిగుల్చును. ‘పర్జ్’ వ్యవస్థలోని ఆ అమరికలను సైతము తీసివేయును. ‘ఆటోరిమూవ్’ తోడుగా వచ్చి, ఇప్పుడెవరికిని అక్కరలేని వానిని తొలగించును.

ప్రమాదము ఇచ్చటనే యున్నది. పద్యములో ఒక పదమును లాగివేసిన యతిప్రాసలు చెడునట్లు, ఒక ప్యాకేజీని తీసిన దానిపై ఆధారపడినవన్నియు పోవును. ఉబుంటు డెస్క్‌టాపులోని అనేక భాగములకు పైథాన్3 ఆధారము. ఆప్ట్ ఈ సంగతిని దాచలేదు. తొలగిపోవు ప్యాకేజీల పేర్లన్నియు తెరపై చూపి, కొనసాగవలెనా యని అడిగినది. ఆ విద్యార్థి జాబితాను చదువకయే ఎంటరు నొక్కినాడు. ‘ఆప్ట్ -ఎస్ రిమూవ్’ అని ముందుగా అడిగినచో, ఏమియు తొలగింపకయే, ఏవి తొలగునో ఆప్ట్ చెప్పియుండెడిది.

అతడు చేయవలసినదేమి? పైథాన్3-వెన్వ్ ప్యాకేజీని చేర్చుకొని, తన పనికై ప్రత్యేకమైన ఆవరణము నేర్పరచుకొని, అందులో పిప్ ద్వారా క్రొత్త నంపైని వేసికొనవలెను. అక్కరతీరిన పిమ్మట ఆ ఫోల్డరును తీసివేసిన చాలును. వ్యవస్థకు హాని యుండదు. 2023లో వెలువడిన డెబియన్ 12 నుండి, వ్యవస్థలోని పైథాన్‌లో పిప్ ద్వారా నేరుగా చేర్చబోయిన ఈ ఆవరణమునే వాడుమని హెచ్చరిక వచ్చును.

మన పుటలు పోలేదు. ఆప్ట్ మన హోమ్ ఫోల్డరులోని వ్రాతల జోలికి పోదు. ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీని మరల చేర్చుటతో తెర యథాస్థితికి వచ్చినది. అందులకు రెండు దినములు పట్టినది. పలువురు వాడుకొను యంత్రములో ఒకని తొందర అందరి పనిని ఆపును. ఆ జాబితాను చదువుటకు ఒక్క నిమిషము చాలియుండెను.