శిశు సంరక్షణాలయము: ఒక ఊరినుండి నాలుగు ఊళ్లకు

మన వర్తకులకు శాఖలు పెట్టుట కొత్త విద్య కాదు. మాన్విలో బట్టల కొట్టు నిలద్రొక్కుకొన్న పిమ్మట తమ్ముని సింధనూరుకు, మేనల్లుని రాయచూరుకు పంపి, అదే సరుకును అదే లెక్కతో నడిపించుట తాతలనాటి పద్ధతి. ఇప్పుడు చదువుకొన్న మన కోడండ్రు, ఆడపడుచులు పసిపిల్లల సంరక్షణాలయము నడుపుటకు పూనుకొనిన యెడల, ఒకటి బాగుగ నడచిన వెంటనే సిరవారలో ఒకటి, పోత్నాళలో ఒకటి పెట్టవలెనను ఆలోచన సహజముగా కలుగును. కొట్టు సూత్రము ఈ పనికి ఎంతవరకు చెల్లును అన్నదే ఇక్కడ విచారించదలచిన విషయము.

అవసరమున్నదా అని ఎవరును అడుగనక్కరలేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీరు వచ్చిన తరువాత ఈ ప్రాంతము వరి పండించు నేల అయినది. నాట్లు వేయువారు స్త్రీలు. గట్టుమీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, ఆరేడేండ్ల అక్కను కాపలా పెట్టి తల్లి మడిలో దిగును. ఆ అక్క బడి మానుకొనును. ఇక పట్టణములో బదిలీమీద వచ్చిన ఉపాధ్యాయినులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు గలరు. వారికి ఇంట అత్తగారు లేరు, అమ్మగారు లేరు. ఈ రెండు తెగల తల్లుల అవసరము ఒక్కటే గాని, ఇచ్చుకొను శక్తి ఒక్కటి కాదు. ఈ భేదమును మొదటనే గుర్తింపవలెను.

ముందుగా లెక్క చూతము. అంకెలు ఊహించినవే, పాఠకులు తమ ఊరి ధరలతో మార్చుకొనవచ్చును. ముప్పది మంది పిల్లలు, నెలకు ఒక్కొక్కరికి 3,000 రూపాయలు, రాబడి 90,000. మూడేండ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరైనను ఉండవలెనని కేంద్ర ప్రభుత్వపు 2018 నాటి మార్గదర్శకములు చెప్పుచున్నవి గనుక ముగ్గురు ఆయాలకు 42,000, ఒక పెద్దామెకు 18,000, అద్దె 10,000, పాలు, భోజనము మొదలగు వానికి తలకు 400 చొప్పున 12,000. మొత్తము 82,000, మిగులు 8,000. బాగుగనే యున్నది. అయిదుగురు పిల్లలు మానినచో రాబడి 75,000; ఖర్చు 80,000. లాభము పోయి అయిదువేల నష్టము వచ్చినది. 27 మంది ఉన్నంతవరకే ఆ ఇల్లు తన కాళ్లమీద నిలుచును.

బట్టల కొట్టులో నేడు అమ్ముడుపోని తాను రేపు పండుగకు పోవును. ఇక్కడ నేడు ఖాళీగానున్న చాప రేపటికి నిలువయుండదు. బస్సులో ఖాళీ సీటు వంటిది. రెండవ ఇల్లు తెరచిన మొదటి నెలలో ఎనిమిదిమంది చేరినారనుకొందము. ఒక పెద్దామె, ఒక ఆయా, అద్దె, భోజనము కలిసి 45,200, రాబడి 24,000, లోటు 21,200. అనగా మొదటి ఇంటి మిగులు రెండున్నర మాసములకు పైగా ఈ ఒక్క మాసములోనే హరించును. పిల్లలు నిండుటకు ఎన్ని మాసములు పట్టునో అన్ని మాసముల లోటు చేతిలో రొక్కముగా ఉన్న పిమ్మటనే రెండవ ఇంటికి తాళము తీయవలెను. అప్పు తెచ్చి తీయవచ్చునుగదా అందురు. అట్లు చేసినవారి కథ ఒకటి వినదగినది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున 1988లో ఏబీసీ లెర్నింగు అను సంస్థ ఒకే కేంద్రముతో ఆరంభమైనది. 2001లో షేర్ బజారుకు వచ్చినది. అటుపిమ్మట ఊరూర ఉన్న కేంద్రములను కొనుచు, ఆ దేశములోనే వేయికి పైగా నడిపి, అమెరికాలోను కొనినది. తల్లిదండ్రులకు ప్రభుత్వమిచ్చు సహాయధనము దాని రాబడిలో గట్టి భాగము గనుక, రాబడికి ఢోకా లేదని అప్పిచ్చువారును నమ్మిరి. కొనిన లైసెన్సులకు పుస్తకములలో పెద్ద విలువ కట్టుకొనిరి. 2008లో ప్రపంచమంతట అప్పు బిగిసినప్పుడు ఆ విలువ రొక్కము కాలేదు. ఆ సంవత్సరము నవంబరులో సంస్థ కూలిపోయినది. ఉదయము బిడ్డను ఎక్కడ దింపవలెనో తెలియక వేలాది కుటుంబములు ఆందోళన పడినవి. తలుపులు మూతపడకుండ ప్రభుత్వము సొమ్ము పోయవలసివచ్చినది. తుదకు ధర్మసంస్థలు నాలుగు కూడి గుడ్‌స్టార్ట్ అను పేర సుమారు 650 కేంద్రములను తీసుకొని నడిపినవి. మన పెద్దలు చిట్టాలో వసూలు కాని బాకీని ఆస్తిగా చూపువానిని చూచి నవ్వెడివారు. అక్కడ ఆడిటర్లుండి కూడ ఆ నవ్వు ఆలస్యముగా వచ్చినది.

విస్తరించుటే తప్పని దీని అర్థము కాదు. ఢిల్లీలో 1969లో, గాంధీజీ శతజయంతి ప్రదర్శనకై కట్టుచున్న కట్టడముల వద్ద ఇటుకలు మోయు తల్లుల బిడ్డలు దుమ్ములో పడియుండుట చూచి, మీరా మహాదేవన్ అను ఆమె ఒక గుడారములో శిశుకేంద్రము తెరచిరి. అదియే మొబైల్ క్రెషెస్ అను సంస్థ అయినది. కట్టడము ముగిసిన కేంద్రము ఎత్తివేయుదురు. కొత్త కట్టడము వద్ద మరల తెరతురు. ఇల్లు కదలును, నేర్పిన మనుషులు మాత్రము కూడ వత్తురు. మన నాట్ల క్యాంపులకు ఇంతకంటె అతికిన నమూనా లేదు.

నేర్పిన మనుషులు అంటిని. అసలు పెట్టుబడి అదియే. గుజరాతులోని భావనగరులో 1920లో బాలమందిరము నెలకొల్పిన గిజూభాయి బధేకా, ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్, బడులతోపాటు ఉపాధ్యాయుల శిక్షణకును అంత పట్టుదల చూపిరి. తారాబాయి తరువాత 1945లో మహారాష్ట్ర తీరమునగల బోర్డికి పోయి, పేదల వాకిళ్లలోనే పిల్లలను కూర్చుండబెట్టు పద్ధతిని సాగించిరి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులిచ్చి పనిని పల్లెలకు చేర్చిరి. కనుక రెండవ ఇంటికి ఇల్లు వెదకుటకు ముందు, మొదటి ఇంటిలో ఒక అదనపు పెద్దామెను ఆరు మాసములు ఉంచి తయారుచేయుట మేలు. కొట్టు తమ్మునికి అప్పగించినట్లు, ఏడ్చు బిడ్డను ఎత్తుకొన తెలియని బంధువునకు దీనిని అప్పగింపరాదు. ఈ విషయములో మొగమాటము పనికిరాదు.

ఇక ఇచ్చుకొనలేని తల్లుల మాట. 50 మందికి తక్కువ కాకుండ పనివారున్న సంస్థ శిశుగృహ సదుపాయము కల్పింపవలెనని, తల్లి దినమునకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూచుకొనవచ్చునని 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టము విధించినది. 2020 సామాజిక భద్రతా సంహితలోను ఆ సంఖ్యయే నిలిచినది. మన జిన్నింగు, రైసు మిల్లులు అంతమందిని పెట్టుకొన్నచో ఆ భారము యజమానులదే. పక్కపక్క మిల్లులు కలిసి ఒక ఇంటిని పోషించిన తలకు పడునది స్వల్పము. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన అంగన్‌వాడీ పథకము నేడు దేశమంతట సుమారు 14 లక్షల కేంద్రములైనది. కర్ణాటక ప్రభుత్వము 2023-24లో నాలుగువేల గ్రామపంచాయతీలకు ఉద్దేశించి కూలితల్లుల బిడ్డలకై కూసిన మనె పథకమును తెచ్చినది. ఇవి ఉన్నచోట వేరొకటి పెట్టుటకంటె వానికి పాలు, చాపలు, ఫ్యాను సమకూర్చుట తక్కువ ఖర్చు. లేనిచోట నాట్ల కాలమునకు మాత్రము గుడారము వేయవచ్చును. అయితే ఆ ఖర్చును కొట్టు ధర్మాదాయ ఖాతాలో వ్రాయవలెనే గాని, పట్టణపు సంరక్షణాలయపు లెక్కలో కలుపరాదు. కలిపినచో ఏది నష్టపోవుచున్నదో తెలియక, మొదట ఆయా జీతము తగ్గింతురు, తరువాత పాలు పలుచనగును.

శాఖలన్నిటిని ఒకే దారిమీద ఉంచుకొనుట మంచిది. మాన్వి, పోత్నాళ, సింధనూరు ఒకే బస్సు దారి; ఒక ఆయాకు జ్వరము వచ్చిన పూట మరియొకరిని పంపవచ్చును. యజమానురాలు వారమునకొకసారి ముందు చెప్పకుండ, పిల్లలు నిద్రలేచు వేళకు వెళ్లవలెను. ఆ వేళ ఇల్లు ఎట్లున్నదో చూచిన చాలును, రిజిస్టరు తరువాత చూచుకొనవచ్చును.