వాక్సా, సీలెంటా? ముందు బండి ఎక్కడ నిలబడుతుందో అడగండి

డిటైలింగ్ షెడ్డులో పనికి చేరినవాళ్లు మొదటి నెలలో నేర్చుకునేది మెరిపించడం. అదేమంత కష్టం కాదు, నూనె పూసినా బానెట్ మెరుస్తుంది. బండి తీసుకెళ్లిన రోజు ఏ కస్టమరూ గొడవ పెట్టడు. గొడవ నలభై రోజుల తర్వాత, నాలుగు వాష్‌లు అయ్యాక వస్తుంది. "అన్నా, ఆరు నెలలుంటుందన్నావు కదా" అని ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ రాకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు పనితనం. అందుకని ఏ డబ్బా తెరవాలో తేల్చుకునే ముందు మూడు సంగతులు అడగండి: బండి ఎక్కడ నిలబడుతుంది, ఏ నీళ్లతో కడుగుతారు, కడిగేది ఎవరు.

మనం దేన్ని కాపాడుతున్నామో కూడా తెలిసుండాలి. కంపెనీ పెయింట్ మొత్తం కలిపి 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో పైన ఉండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు, అంటే సుమారు ఒక సన్నటి వెంట్రుక మందం. ఎండ నుంచి రంగుని కాచేది ఆ పొరే. కంపౌండ్ కొట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, పోయింది తిరిగి రాదు. వాక్స్ అయినా సీలెంట్ అయినా దాని మీద ఇంకో పల్చటి పొర వేస్తాయి, అంతే. అది అరిగితే మళ్లీ వేసుకోవచ్చు. గీతల్ని ఇవి తీసెయ్యవు, లారీ టైరు విసిరిన రాయిని ఆపవు. ఈ మాట బిల్లు రాయకముందే చెప్పాలి. రాశాక చెబితే సాకు చెప్తున్నట్టు వినిపిస్తుంది.

ఇక సరుకు సంగతి. కార్నౌబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అసలు రూపంలో రాయిలా గట్టిగా ఉంటుంది, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. చేత్తో పూయడానికి వీలుగా అందులో నూనెలు, సాల్వెంట్లు, మెత్తటి మైనాలు కలుపుతారు. కాబట్టి డబ్బా మీద 'వంద శాతం కార్నౌబా' అని ఉంటే లోపలున్నదంతా అదేననుకోవద్దు. నలుపు, ముదురు ఎరుపు, నీలం బండ్ల మీద ఇది ఇచ్చే లోతైన నిగారింపు వేరే దేనికీ రాదు. కానీ రోజంతా మన ఎండలో నిలబడే బండి మీద నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటే గొప్ప. తెల్ల బండికైతే ఆ నిగారింపు కంటికే ఆనదు. మన షెడ్డుకి వచ్చేవాటిలో తెల్లవే ఎక్కువ, గంటన్నర రుద్ది చేతులు నొప్పి తెచ్చుకోవడం తప్ప లాభం లేదు.

సీలెంట్ ఫ్యాక్టరీలో చేసిన పాలిమర్. మెరుపు కొంచెం గాజులా, చల్లగా ఉంటుంది, నిలబడేది మాత్రం ఎక్కువ కాలం. డబ్బా మీద ఆరు నెలలని ఉంటే మీరు మూడు చెప్పండి. స్ప్రే చేసి తుడిచే సిలికా రకాలు కూడా వచ్చాయి, పని త్వరగా అయిపోతుంది. అవి, సీసాలో చుక్కల లెక్కన వచ్చే సిరామిక్ కోటింగ్ ఒకటే అని కస్టమర్‌కి చెప్పకండి. ఆ కోటింగ్ గురించి చెప్పే '9హెచ్' కూడా పెన్సిల్ ములుకుతో గీసి చూసే గట్టిదనం కొలత, వజ్రాల కొలత కాదు. 'టెఫ్లాన్ కోటింగ్' మాటకొస్తే, అసలు టెఫ్లాన్ కరిగేది 327 డిగ్రీల దగ్గర. పెనం మీద అంత వేడిలో కాల్చి అంటిస్తారు. బానెట్ మీద ఆ వేడి పెట్టేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా సీలెంట్ పని చేపట్టిన రోజుల్లో ఒక నల్ల సెడాన్ వచ్చింది, ఒళ్లంతా సాలెగూడు గీతలు. మిషన్ పెట్టే టైం లేదు. గ్లేజ్ పూశాను. గ్లేజ్‌లోని నూనెలు గీతల్లో నిండి కనిపించకుండా చేస్తాయి. దాని మీదే సీలెంట్ వేశాను. బండి అద్దంలా వెళ్లింది. మూడో వాష్‌కి గీతలన్నీ బయటపడ్డాయి, సీలెంట్ కూడా పోయింది. సీలెంట్ పట్టుకోవాల్సింది పెయింట్‌ని, నేను దాన్ని నూనె మీద కూర్చోబెట్టాను. మళ్లీ చేసిచ్చిన రోజుకి నాకు ఒక్క రూపాయి రాలేదు. అప్పట్నుంచీ సీలెంట్‌కి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి ప్రతి ప్యానెల్ తుడవందే డబ్బా మూత తియ్యను. వరసలోనూ అదే సూత్రం: సీలెంట్ ఆరాక పైన వాక్స్ వెయ్యొచ్చు, వాక్స్ మీద సీలెంట్ నిలవదు.

కడిగిన బండి శుభ్రంగా ఉందనిపిస్తుంది, ఉండదు. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి ప్యానెల్ మీద నెమ్మదిగా జరపండి, ఇసుక కాగితంలా తగిలితే క్లే బార్ పని ఉన్నట్టే. విశాఖలో పోర్టు వైపో, స్టీల్ ప్లాంట్ వైపో తిరిగే బండ్లకి ఐరన్ రిమూవర్ కొడితే వంకాయ రంగులో కారుతుంది. వాసనకి తట్టుకోలేరు గానీ, ఆ ఇనుప రవ్వల మీద సీలెంట్ వేస్తే తుప్పు చుక్కల్ని లోపల పెట్టి మూసినట్టే.

ఎండలో వెయ్యొద్దని అందరికీ తెలుసు, అందరం వేస్తాం. ఎందుకంటే దసరా ముందు నాలుగు రోజులు షెడ్డు బయట క్యూ ఉంటుంది, ఓనరు గడియారం చూస్తుంటాడు. అప్పుడే ఎక్కువ బండ్లు చెడతాయి. బానెట్ మీద మునివేళ్లు బోర్లించి ఐదు లెక్కపెట్టండి, ఉంచలేకపోతే బండిని నీడలోకి తొయ్యండి. వేడి ప్యానెల్ మీద సీలెంట్ మరకలు కట్టి ఎండిపోతుంది, దాన్ని వదిలించడానికి పట్టే టైంలో ఇంకో బండి అయిపోతుంది. మందంగా పూస్తే ఎక్కువ రోజులుంటుందన్నది కూడా భ్రమే. మిగిలినదంతా మీ గుడ్డకే వస్తుంది. వేశాక ఎంతసేపు తడవకూడదో డబ్బా మీద ఉంటుంది, చాలా రకాలకి పన్నెండు గంటలో ఒక రోజో. అందుకే పండక్కి చేయించుకునేవాళ్లని రెండు రోజుల ముందు రమ్మనండి. పూజలో చల్లిన కొబ్బరినీళ్లు, నిమ్మరసం, పసుపు అదే సాయంత్రం కడిగెయ్యమని చెప్పండి.

నీళ్ల విషయం చాలామంది పట్టించుకోరు. సీలెంట్ వేసిన బండి మీద నీళ్లు ముత్యాల్లా నిలబడితే కస్టమర్ వీడియో తీసుకుంటాడు. బోరు నీళ్లయితే ఆ ముత్యాలు అక్కడే ఎండి ఒక్కోటీ తెల్లటి సున్నపు మచ్చ అవుతుంది. నాలుగుసార్లు ఎండలో ఎండితే క్లియర్ కోట్‌లోకే దిగుతుంది. ఉప్పునీళ్లు వాడే అపార్ట్‌మెంట్ బండికి సీలెంట్ అమ్మితే, కడిగిన వెంటనే తుడవాలన్న మాట కూడా దానితో కలిపే అమ్మాలి.

ఒక క్యాబ్ ఓనర్ని తీసుకోండి. తెల్ల బండి, రాత్రి రోడ్డు పక్కన, పొద్దున్నే బక్కెట్లో సర్ఫు వేసి కడుగుడు. ఇతనికి కార్నౌబా చెప్పడం మోసం, సర్ఫుకి వారంలో పోతుంది. నెలకోసారి స్ప్రే సీలెంట్ చాలు. అర లీటరు సీసాలో బండికి 25 మిల్లీలీటర్లు వాడితే ఇరవై బండ్లు వస్తాయి, సరుకు ఖర్చు కంటే మీ అరగంట ఖర్చే ఎక్కువ. ఆ లెక్కన రేటు చెప్పండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నల్ల బండి వేరే కథ. ఆఫీసులో ఎండ, ఇంటి దగ్గర వేపచెట్టు, తెల్లారి ఒకే తడిగుడ్డతో పాతిక బండ్లు తుడిచే మనిషి. ఆ మనిషిని తిట్టకండి, అతనికి నెలకి బండికింత అని వచ్చేదానికి అంతే చెయ్యగలడు. సీలెంట్ వెయ్యండి, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఇచ్చి, దుమ్ము మీద పొడిగా రుద్దొద్దని అతనికే చూపించండి. పిట్ట రెట్టని ఏ సీలెంటూ ఆపదు, కొన్ని గంటల టైం మాత్రం ఇస్తుంది. తడిపి, నానబెట్టి, ఎత్తెయ్యాలి, గీకకూడదు.

సెకండ్ హ్యాండ్ డీలరు గ్లేజ్ పూసి మెరిపించమంటాడు. చెయ్యండి, అది కూడా పనే. బిల్లు మీద మాత్రం 'గ్లేజ్, వాక్స్' అనే రాయండి, సీలెంట్ అని రాయకండి.

కొన్ని పనులు ఒప్పుకోకపోవడమే మేలు. కొత్తగా పెయింట్ వేసిన ప్యానెల్‌లోంచి సాల్వెంట్ ఇంకా బయటికి రావాలి, కనీసం నెల ఆగమనండి, పెయింటర్ని అడగమనండి. మ్యాట్ ఫినిష్ బండికి మామూలు వాక్స్ తాకించారంటే అక్కడక్కడ మెరుపు మచ్చలు పడతాయి, అవి పోవు. మీ షెడ్డు పక్కనే పెయింట్ బూత్ ఉంటే సిలికాన్ ఉన్న స్ప్రేలు అటు గాలికి కొట్టకండి. ఆ తుంపర పడిన చోట కొత్త పెయింట్ పట్టక చేపకళ్లలా గుంటలు పడతాయి, ఆ ఖర్చు మీ మెడకి చుట్టుకుంటుంది. నల్ల ప్లాస్టిక్ అంచులకి ముందే టేపు వేసుకోండి, తెల్లబారాక వాటిని మళ్లీ నల్లగా చెయ్యడం పెద్ద పని.

ఏం వేశారో, ఏ తేదీన వేశారో, ఎన్నాళ్లు చెప్పారో జాబ్ కార్డు మీద రాసి కస్టమర్ చేత సంతకం పెట్టించుకోండి. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. మూడు నెలలని రాసిస్తే కొందరు పక్క షెడ్డుకి వెళ్తారు, వెళ్లనివ్వండి.