చంద్రుణ్ణి పలకరించిన రేడియో క్లబ్బు

కొండ ఎదుట నిలబడి కేక వేస్తే కాసేపటికి ఆ కేక మళ్ళీ మనకే వినిపిస్తుంది. ఇది ప్రతిధ్వని అని మీకు తెలుసు. మరి చంద్రుణ్ణి పిలిచి ప్రతిధ్వని వినగలమా? మధ్యలో గాలి లేదు కనుక మన కేక అక్కడికి చేరదు. రేడియో తరంగాలకు గాలితో పనిలేదు. ఆ తరంగాలతో చంద్రుణ్ణి పలకరించిన విద్యార్థుల సంగతి చూద్దాం.

అమెరికాలో బోస్టన్ నగరం పక్కన కేంబ్రిడ్జిలో ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడి విద్యార్థులు 1909లోనే రేడియో సంఘం పెట్టుకున్నారు. లాభం కోసం కాక, నేర్చుకోవాలనే ఆసక్తితో రేడియో కేంద్రం నడిపేవారిని ఔత్సాహికులు లేక 'హామ్'లు అంటారు.

క్లబ్బు ఎలా నడుస్తుంది?

ప్రతి కేంద్రానికీ ప్రభుత్వం ఒక సంకేతనామం ఇస్తుంది. ఈ క్లబ్బుది 'డబ్ల్యు1ఎంఎక్స్'. మొదటి అక్షరం దేశాన్ని తెలుపుతుంది. మన దేశపు హామ్‌ల పేర్లు ఎక్కువగా 'వీయూ'తో మొదలవుతాయి. ప్రసారిణి పనిచేస్తున్నంతసేపూ లైసెన్సు ఉన్న ఒకరు బాధ్యత వహించాలి. ఎవరితో, ఏ పౌనఃపున్యంలో, ఏ సమయాన మాట్లాడిందీ చిట్టాపుస్తకంలో రాస్తారు. దేశదేశాల గడియారాలు వేరు కనుక అందరూ అంతర్జాతీయ సమయమే రాస్తారు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.

క్లబ్బుకు అసలు చిక్కు వేరే ఉంది. నాలుగేళ్ళకు చదువు ముగించి పాతవారు వెళ్ళిపోతారు. వాళ్ళు కొత్తవారికి పని నేర్పకపోతే, యంత్రాలున్నా క్లబ్బు మూతపడుతుంది.

చంద్రుని ప్రతిధ్వని

ఆ విద్యాసంస్థలో 21 అంతస్తుల గ్రీన్ భవనం ఉంది. దానిపై, గుండ్రని గోపురం లోపల, 18 అడుగుల వ్యాసం గల డిష్ యాంటెన్నా ఉంది. అది మొదట వాతావరణ పరిశోధనకు పెట్టిన రాడార్‌ది. తరువాత క్లబ్బు విద్యార్థులు దాన్ని చంద్రునివైపు తిప్పారు.

చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పోయి రావడానికి 7,68,000 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. భాగించి చూడండి: 2.56 సెకన్లు! పంపిన సంకేతం రెండున్నర సెకన్ల తరువాత తిరిగి వస్తుంది. కాని దారిలో తరంగాలు చెదరిపోతాయి. చంద్రుడు కూడా కొద్ది భాగాన్నే పరావర్తనం చేస్తాడు. అందుకే అంత పెద్ద డిష్ కావాలి. అది తనపై పడిన బలహీన తరంగాలను ఒకే బిందువు దగ్గరికి చేరుస్తుంది.

గండం గడిచింది

భవనం మరమ్మతులకు వచ్చినప్పుడు డిష్‌ను, గోపురాన్ని తీసివేసే ప్రమాదం ఏర్పడింది. నిలబెట్టాలంటే చాలా డబ్బు కావాలి. విద్యార్థులూ పూర్వవిద్యార్థులూ కలిసి విరాళాలకు పూనుకున్నారు. 2021లో ఔత్సాహిక రేడియోకు సహాయపడే ఒక సంస్థ 16 లక్షల డాలర్లు ఇచ్చింది. డిష్ నిలిచింది. ఆ విద్యార్థులలో చాలామందికి దానితో అవసరం కొన్నేళ్ళే. వారు కష్టపడింది తరువాత వచ్చేవారి కోసం కూడా!

మీరు చేయండి

1. నలుగురు కలిసి వారం రోజులు రేడియో వినండి. తేది, సమయం, పౌనఃపున్యం, కేంద్రం, స్పష్టత పుస్తకంలో రాయండి. పగటికీ రాత్రికీ తేడా గమనించండి. వినడం వరకే సుమా! ప్రసారం చేయాలంటే పరీక్ష ప్యాసై లైసెన్సు పొందాలి.

2. చంద్రుడు 3,63,000 కిలోమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు ప్రతిధ్వనికి ఎంతసేపు పడుతుంది? లెక్క కట్టండి.