జంటశంకువు చెంత

చిరంజీవి సుశీలకు,

నీ జాబు అందినది. విజ్ఞాన ప్రదర్శనశాలలో యంత్రములను స్వహస్తములతో త్రిప్పిచూచు సందర్శకులు ఏమి నేర్చి వెడలుచున్నారో నిర్ణయించు పని నీకు అప్పగింపబడినదనియు, అందులకై ఒక ప్రశ్నపత్రము సిద్ధపరచితివనియు వ్రాసితివి. ఆ పత్రమును కొన్నాళ్లు ప్రక్కనుంచుము. సెలవునాడు పిల్లలతో ఉల్లాసముగా వచ్చిన తల్లి పరీక్షపత్రము కంటబడగానే బెదరి, తన తలంపును దాచి, నీకు నచ్చునని తోచిన సమాధానమును చెప్పును.

ముందుగా చూడవలయును. 1928లోనే ఎడ్వర్డ్ రాబిన్సన్ అను అమెరికను మనస్తత్వశాస్త్రవేత్త, మ్యూజియములలో జనులు ఏ వస్తువు చెంత ఎంతసేపు నిలుచుచున్నారో కాలము లెక్కించి గ్రంథస్థము గావించెను. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చును గాని, దానితోనే తృప్తిపడరాదు. అడుగులు కలిపి అతికిన రెండు శంకువులగు జంటశంకువునే తీసికొనుము. దూరము పోయినకొలది విడివడుచు ఎత్తగు రెండు పట్టాలపై దానిని పల్లపుకొసన ఉంచిన, అది తనంతట తాను మిట్టకు దొర్లును. పిల్లవాడు చప్పట్లు చరచి, మరల మరల దొర్లించి, "లోపల అయస్కాంతముంది తాతా!" అని కేకవేయును. గడియారము లెక్కన ఇది ఘనవిజయమే! ఆ ప్రక్కనే వేరొక బాలిక మోకాళ్లపై కూర్చుండి, కన్ను పట్టాల సరసకు దించి, పట్టాలు విడివడినకొలది శంకువు నడిమిభాగము క్రిందికే దిగుచుండుట కనిపెట్టి, పెదవి కదపకయే లేచిపోవును. నేర్చినది ఆమెయే, నీ పత్రమున కామె చిక్కదు.

వచ్చువారు రిక్తమనస్కులై రారని మరువకుము. గాలి లేనిచోట గురుత్వాకర్షణయు ఉండదను భావము సందర్శకులలో కలదని ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మిండా బోరున్, ఆమె సహచరులు కనుగొనిరి. కావున లోనికి పోకమునుపు వారి తలపేమో తెలియక, తరువాతి మార్పును కొలువజాలము. ఇందులకు జాన్ ఫాక్ పద్ధతి నాకు మిక్కిలి ప్రియము: కాగితము నడుమ ఒక్క మాట వ్రాసి, తోచినదెల్ల దానిచుట్టు వ్రాయుమని ముందుగా అడిగి, చూచివచ్చిన పిమ్మట అదే కాగితమును వేరురంగు సిరాతో దిద్దుమనుట.

ఇక మాటలు వినుట. ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొల్పిన ఎక్స్‌ప్లొరేటోరియమునందు, కప్పలను గూర్చిన ప్రదర్శనలో సందర్శకుల సమ్మతితో వారి సంభాషణలను రికార్డు చేసి, ఆ మాటలలో నేర్చుకొనిన జాడలను వెదకిరి. నీవును అనుమతి గైకొనియే వినుము. తెలుగున అన్నను, ఉర్దూన అన్నను, వారి పలుకులను దిద్దక అట్లే వ్రాసికొనుము.

ఒక్కటి మాత్రము గట్టిగా చెప్పుచున్నాను: నీవు పరీక్షించునది సందర్శకుని కాదు, ప్రదర్శనమును. పదుగురు వచ్చి పదుగురును అయస్కాంతమే అని వెడలిన, లోపము ఆ బల్ల అమరికలోనిది. శంకువు నడిమి ఎత్తును చూపు కొలబద్ద నొకదానిని అట్టతో చేసి ప్రక్కన నిలిపి, మరి పదుగురను గమనించి, తేడా యేమో నాకు వ్రాయుము.

ఇట్లు,
మీ పెదనాన్న